కన్నమ్మ పార పట్టి పలికిన ఇంగ్లీషు

గిర్మిట్ ఆడవాళ్ల గురించి రాయమంటే చాలు, మనవాళ్లు ముందు కన్నీళ్ల కుండ దించుతారు. కన్నమ్మ విషయంలో ఆ కుండ పనికిరాదు. ఏడవడానికి ఆమెకు తీరిక లేదు. ఇంగ్లీషు నేర్చుకుంటోంది.

నెల్లూరు పక్క పల్లె నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి, 1907లో ఫిజీకి, లంబాసా దగ్గర వునిమోలి చెరకు తోటకు వచ్చింది. ఐదేళ్ల ఒప్పందం. కూలీలు ఉండే బారు గదుల్లో, కూలీలైన్లలో, దాన్నే గిర్మిట్ అనేవాళ్లు. ఇక్కడే మనువాడిన గంగయ్య తన గిర్మిట్ ముందే ముగించుకుని, కొండవాలున రెండెకరాలు కౌలుకు పట్టి, పాక వేసుకుని ఆమె కోసం చూస్తున్నాడు. కన్నమ్మ వెళ్లి చేరాలి, అంతే. కానీ ఆ రోజు దూరం జరుగుతూ పోతోంది. రోజుకింత గడ్డి చెక్కాలని కట్టడి. పూర్తి కాకపోతే ఆ రోజు గిర్మిట్ చివర మళ్లీ చెయ్యాలి. వరస కొలిచేది కూలీల మీద మేస్త్రీ, సర్దారు రామ్ లాల్. అతని కొలకర్ర ఉండాల్సినదానికన్నా జానెడు పొడుగు.

ఈ గుట్టు చెప్పింది దొరస్వామి. మద్రాసులో ఒక దొర బంగళాలో పన్నెండేళ్లు బట్లరుగా చేసి, ఇక్కడ ఓవర్సియరు ఇంట్లో వంటకు కుదిరాడు. అసలు కర్ర ఆ ఇంటి వరండాలోనే ఉంటుంది.

ఏడాదికోసారి కూలీల ఇన్‌స్పెక్టరు వస్తాడు. కిందటేడు కన్నమ్మ ఆయన ముందుకెళ్లి, కర్ర పొడుగని తెలుగులో మొరపెట్టుకుంది. దుబాసీకి హిందుస్తానీయే వచ్చు. రామ్ లాల్ చొరవగా ముందుకొచ్చి, "దుప్పటి కావాలట" అని అర్థం చెప్పాడు. ఇన్‌స్పెక్టరు దయగలవాడు. దుప్పటి ఇప్పించాడు.

"మెత్తంగానే ఉండాది లేన్నా," అంది దొరస్వామితో. "ఈ తూరి నేనే దొరల మాటలో చెప్తా. నేర్పు."

"నాకొచ్చేది టీబల్ల ఇంగ్లీషే తల్లీ. 'దిస్ టీ ఈజ్ హాట్, సర్.' ఇట్టాంటివే."

"టీ తీసేసి కర్ర పెట్టు. వేడి తీసేసి పొడుగు పెట్టు. ఏం, ఇరిగిపోద్దా?"

పన్నెండేళ్లు ఆ మాటలే పళ్లెంలో పెట్టి అందించినా, వాటిని విప్పి మళ్లీ బిగించవచ్చని దొరస్వామికి తట్టలేదు. మాష్టర్లు నల్లబల్ల మీద గీతలు గీసి చెప్పే సంగతి, అక్షరం రాని ఈ మనిషి పొయ్యి దగ్గర కూర్చుని కనిపెట్టింది.

ఆదివారానికి ఒక వాక్యం. మిగతా ఆరు రోజులూ చేనే బడి. "దిస్ స్టిక్" అంటూ పార ఎత్తేది. "ఈజ్ లాంగ్" అంటూ దించేది. "సర్" దగ్గర దుబ్బు వేళ్లతో లేచొచ్చేది.

"ఏం కన్నమ్మా, గడ్డికి సలాం కొడుతున్నావా?" అని పక్క వరసలోని పార్బతి వెక్కిరించేది.

"సర్దారు కంటే గడ్డే నయం. వింటాండాది."

ఇన్‌స్పెక్టరు వచ్చేనాటికి మూడు వాక్యాలు తయారు. ఈ కర్ర పొడుగు, ఆ కర్ర పొట్టి, దయచేసి ఆ కర్ర తెప్పించండి. లైన్ల ముందు అందరూ బారుగా నిలబడ్డారు. కన్నమ్మ వంతొచ్చింది. నోరు తెరిచింది. ఒక్క మాట ఊడిపడలేదు. నెలల తరబడి చేతులతో నేర్చిన మాటలు, చేతులు ఖాళీగా ఉంటే ఎక్కడి నుంచి వస్తాయి?

"ఇంకో దుప్పటి కావాలేమో," అన్నాడు రామ్ లాల్. కొందరు నవ్వారు కూడా.

కన్నమ్మ గిరుక్కున తిరిగి, గోడకు ఆనించిన పార అందుకుంది. "దిస్ స్టిక్!" అంటూ తలపైకెత్తింది. ఇన్‌స్పెక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. "చంపేస్తోంది, పట్టుకోండి!" అని రామ్ లాల్ కేక. పార దొర బూటుకు బారెడు దూరంలో నేలలో దిగింది. "ఈజ్ లాంగ్, సర్!" ఆపే ధైర్యం ఎవరికుంది? మూడు వాక్యాలూ వాకిట్లో తవ్వి పోసింది.

ఇన్‌స్పెక్టరు తవ్విన నేలను చూశాడు, ఆమెను చూశాడు, రామ్ లాల్ చేతిలోని కర్రను చూశాడు. ఆ రెండో కర్ర తెమ్మని ఆయన అనేలోపే దొరస్వామి దాన్ని చేతికందించాడు. అడగకముందే తేవడం బట్లరు విద్య.

రెండూ పక్కపక్కన పెట్టారు. జానెడు తేడా.

న్యాయం గెలిచిందని రాయను. రామ్ లాల్‌ను ఇంకో తోటకు సర్దారుగానే పంపారు. కానీ ఆ కర్ర కింద పనిచేసిన పదకొండు మంది ఆడవాళ్లకూ అదనపు రోజులు కొట్టివేశారు. కన్నమ్మ గిర్మిట్ ముగియాల్సిన రోజునే ముగిసింది.

ఆ రోజు పార తోటవాళ్లకు తిరిగిచ్చేయాలన్నారు. అక్కడ మాత్రం ఆమె కాస్త తడబడింది.

"ఇది పోతే నా ఇంగ్లీషు యాడుంటదన్నా?"

"గంగయ్యకు పార లేదా?"

"ఉండాది. పిడి పొట్టి."

పాక చేరిన సాయంత్రమే, పొయ్యి వెలిగించకముందే, గంగయ్య చేత అతని పారకు పొడుగు పిడి వేయించింది.