సరస్సు ఒడ్డున తీసిన ఫొటో

మమ్మల్ని హిమాలయాల్లో ఆ సరస్సు దగ్గరికి తీసుకెళ్లిన ఆయనకు ఆబిడ్స్‌లో స్పోర్ట్స్ సామాన్ల దుకాణం ఉంది. ఏటా కొంతమందిని పోగుచేసి కొండలెక్కిస్తాడు. గన్‌ఫౌండ్రీలో మా ఆఫీసులో నాతో పనిచేసే అమ్మాయి ముందు పేరిచ్చింది, నన్నూ ఒప్పించింది. నన్ను అక్కా అంటుంది. కొండకు కాళ్లు అలవాటు పడాలని నెల రోజులు ఇద్దరం ఆఫీసయ్యాక నాంపల్లి స్టేషన్ వంతెన మెట్లు ఎక్కి దిగాం.

మూడో రోజు మధ్యాహ్నానికి పైకి చేరాం. కరెంటు లేదు, గది లేదు, మరుగుదొడ్డి అంటే రాళ్ల చాటున తవ్విన గుంత. నాకదంతా నచ్చింది. ఆ నీళ్లను చూస్తూ కాసేపు కూర్చుని వెనక్కి తిరిగేసరికి ఆ అమ్మాయి గుడారం బయట వాంతి చేసుకుంటోంది.

"తలకాయ పగుల్తున్నదక్కా," అంది. లేచి నాలుగడుగులు వేసి తూలింది.

నేను ఆయన దగ్గరికి పరిగెత్తాను. "ఈమెను ఇప్పుడే కిందికి దించాలండీ. ఇంకా మూడు గంటల వెలుగుంది."

"గీడికొచ్చినోళ్లకు గట్లనే అయితది మేడమ్. అల్లం చాయ్ తాగి పండుకుంటే తగ్గుతది."

"నడవలేకపోతోంది, చూడండి."

"ఒక్కరి కోసం అందర్ని దించుతనా?"

సామాన్లు మోసిన గుర్రాలతను మా మాటలు అర్థం కాకపోయినా ఆమె ముఖం చూసి జీను కట్టాడు. అప్పుడు ఆయన, "అందరం ఉన్నప్పుడే ఒక్క ఫొటో," అని మమ్మల్ని ఒడ్డున నిలబెట్టాడు. ఆమె తల నా భుజం మీద వాలిపోయింది. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. ఆయన మీద కన్నా నా మీదే ఇప్పటికీ ఎక్కువ కోపం, అందుకు.

ఆమెను గుర్రమెక్కించి మేం ముగ్గురం చీకటి పడకముందే కింది మకాం చేరాం. దిగుతుంటేనే ఆమెకు నెమ్మదించింది. పైనే ఉంచి ఉంటే మెదడు వాచేదని ఇక్కడికొచ్చాక డాక్టరు చెప్పారు.

నెల తర్వాత ఆ దుకాణం ముందు నుంచి వెళుతుంటే అద్దం మీద ఆ ఫొటో, కింద వచ్చే ప్రయాణం తేదీలు. లోపలికి వెళ్లాను.

"అది తీసేయండి."

"మంచిగనే ఉంది కదా మేడమ్. అందరు నవ్వుతున్నరు."

"ఆమె నవ్వడం లేదు. నిలబడలేక వాలిపోయింది."

బూట్లు చూసుకుంటున్న వాళ్లు ఇటు తిరిగారు. వాళ్లకు జరిగినదంతా మొదటి నుంచి చెప్పాను.

"జర మెల్లగ మాట్లాడున్రి," అన్నాడు.

నా గొంతు తగ్గలేదు. బయటికి వచ్చి గోళ్లతో పీకితే ఫొటో సగమే ఊడింది. ఆయన అడ్డు రాలేదు, క్షమాపణా చెప్పలేదు.

ఆఫీసుకెళ్లి ఆమెకు చెప్పాను. "నేనా సరస్సును సరిగ్గ చూడనే లేదక్కా. వచ్చే యేడు వేరేటోళ్లతోని పోదామా?" అంది.

ఆమె కోసం నేను దుకాణంలో అరిచి వస్తే ఆమెకు మళ్లీ ఆ కొండే కావాలి; ఆ కోపంతో ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు.