మొదటి బుట్ట గింజలు

నందిగామ పత్తి మిల్లులో మిగిలిన ఒక్క గింజలు తీసే మరకు పచ్చరంగు వేసి, చుట్టూ గొలుసు కట్టి, బోర్డు పెట్టారు. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, కూడబలుక్కుని చదివాను. 'రైతుల నమ్మకాన్ని చూరగొన్న యంత్రం' అని ఉంది. ఏ రైతుల నమ్మకమో రాసినవాళ్లకే తెలియాలి. మా అమ్మ మాత్రం దాన్ని ఒక్కరోజూ నమ్మలేదు.

నా చిన్నప్పుడు, నైజాం గొడవలకు భయపడి జనం సరిహద్దు దాటి మా వైపు వస్తున్న రోజులవి. కొత్త ముఖం కనిపిస్తే చాలు, అనుమానమే. మాది ఎర్రజీర పత్తి, దూది లేత ఎర్రగా ఉండేది. చుట్టుపక్కల అందరిదీ తెల్లపత్తి. గింజ చూస్తే రెండూ ఒకటే, కాయ పగిలితేగాని తేడా తెలియదు. అందుకని మర మీద పత్తి ఆడిస్తే మా గింజలు మాకే రావాలి. వచ్చే ఏడు విత్తనం అవే.

మరకు పత్తి అందించేది నైజాం నుంచి వచ్చిన ఒకావిడ. దూది ఒకవైపు, గింజలు కింద బుట్టలో పడేవి. మా వంతు వచ్చి మొదటి బుట్ట నిండగానే ఆవిడ దాన్ని పక్కకు లాగి ఇంకో బుట్ట పెట్టింది. అమ్మ లేచింది.

"ఆ బుట్ట ఎక్కడికే?"

"గొడ్లకమ్మా. ముందు ఆడిచ్చినోళ్ల గింజ మర లోపల ఉంటది, ఈ బుట్టల కలుస్తది. విత్తనానికి పనికిరాదు."

"ఎవరి గొడ్లకి? నీవాటికా, మీ మిల్లు షావుకారు వాటికా?"

"నాకు గొడ్లేడియి తల్లీ, పానం దక్కించుకొని వచ్చిన. నీ గొడ్లకే ఏసుకో. కలపకు, నా మాటిను."

"నిన్నగాక మొన్నొచ్చి నాకు సేద్యం చెప్తన్నావా?"

నాన్న విత్తనాల గోతం పట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మ బుట్ట ఎత్తి అందులో కుమ్మరించింది.

"అట్టా కాపలా కాయాలి అక్కాయ్, లేపోతే మింగేస్తారు" అన్నాడు వంతు కోసం కూర్చున్న ఒకాయన.

ఆ గింజలే విత్తాం. మరుసటి ఏడు కాయలు పగిలాక చూస్తే, ఎర్రజీర మధ్య ఎక్కడపడితే అక్కడ తెల్లకాయలు. కొనడానికి వచ్చిన బేరగాడు గట్టు మీది నుంచే చూసి, చెప్పులు దులుపుకుని వెళ్లిపోయాడు.

"ఆవిడ కలపొద్దనే చెప్పింది కదే" అన్నాడు నాన్న.

అమ్మ తెల్లకాయ ఒకటి తుంచి ఆయన ముఖం ముందు పెట్టింది.

"అదే నేనూ అంటన్నా. వద్దు వద్దని అంత గట్టిగా ఎందుకు చెప్పిందంట? నేను కలపాలనే!"

నాన్న ఖాళీ గోతం భుజాన వేసుకుని, తెల్లవి వేరుగా ఏరడానికి చేలోకి దిగాడు.