సుంకపు నాకాల పగిలిన ఏడు గాజు బుగ్గలు

సహోదరులారా, సహోదరీలారా, నాలుగేండ్లు నేను తాగుబోతునై బతికిన, ఆ తాగుడు నేను కల్లు దుకాణంల నేర్వలేదు, సారా బట్టీ కాడ నేర్వలేదు, సర్కారు దఫ్తర్‌ల కుర్చీల కూచోని, నౌకరి పని అని పేరు పెట్టుకోని, పట్టపగలు నేర్చిన! నవ్వుతున్నరా, నవ్వుండ్రి, ఇప్పుడైతే నాకు గూడ నవ్వే వస్తది, కాని అప్పుడు మా ఇంట్ల నవ్వు అనేది లేకుండె. ఈ భువనగిరి సంఘంల నిలవడి మాట్లాడుడు నాకు ఇదే మొదలు. అయ్యగారు రెండు మాటలు చెప్పు లూకయ్యా అన్నరు. దేవుడు చేసిన మేలు రెండు మాటలల్ల ఒడుస్తదా, జర ఓపిక పట్టున్రి.

మా బాపు పాలమూరు దిక్కు ఒక దొర ఇంట్ల పాలేరుగ జీతమున్నోడు. మాకు గుంటెడు భూమి లేదు. అట్లాంటి ఇంట్ల పుట్టిన నన్ను మిషన్ బడిల వేస్తే తెలుగు నేర్చిన, ఎనుక ఉర్దూ నేర్చిన, నా ఉర్దూ దస్తూరి చూసి మౌల్వీసాబే మెచ్చుకునేటోడు, ఆ దస్తూరి తోనే నాకు రైలు టేషన్ పక్క కరోడ్‌గిరి నాకాల ముహర్రిర్ నౌకరి, అదే సుంకపు చౌకిల రాతకోతల పని, దొరికింది. ఏ ఊరి నాకానో పేరు చెప్పను, మా నాకా పెద్ద అమీన్‌సాబ్ మంచి మనిషి, ఆయన మీదికి మాట రావద్దు. మా వాడల కుర్చీ మీద కూచున్న మొదటోన్ని నేనే. బాపు నాకా బయట గోడకు ఆనుకోని నిలవడి, నేను రాసుడు కిటికీలకెల్లి చూసి పోయేటోడు.

నాకా పని ఏందో తెల్వనోళ్లకు చెప్తున్న. ఇంగ్లీషు ఇలాకాలకెల్లి మన నిజాం ఇలాకాలకు ఏ సరుకు వచ్చినా దాని మీద సుంకం ఉంటది, ఒక్కో సామానుకు ఒక్కో పద్దు, ఒక్కో పద్దుకు ఒక్కో రేటు. తోలు అయితే ఒకటి, గాజు అయితే ఒకటి, ఆటబొమ్మలైతే ఒకటి, దేవుని ఆరాధన సామానైతే మాఫీ. పెట్టె ఇప్పి, లోపలిది ఏ పద్దుల వడ్తదో తేల్చుడే మా పని. బట్టను ముట్టుకోని చెప్పొచ్చు, పసుపును చూసి చెప్పొచ్చు. మరి చీటీ లేని సీసా వస్తే? అది మందా, పుల్లటి సిర్కానా, షర్బతా, సారానా? వాసన చూస్తే సగమే తెలుస్తది. నాలిక మీద వేసుకుంటే గని తెల్వది.

అమీన్‌సాబ్‌కు అది హరాం. ఇంకో ముహర్రిర్ మా పంతులు, ఆయనకు మైల. ఇద్దరు కలిసి నా దిక్కు చూసిన్రు. "మీ గుడిల ద్రాక్షసారం తాగుతరు గదా లూకయ్యా, నీకేం అడ్డం లేదు గద" అన్నడు అమీన్‌సాబ్. మన ప్రభువు బల్ల కాడ ఇచ్చేది మత్తు లేని రసమని, నేను పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టలేదని, నోరు తెరిచి చెప్తే అయిపోవు! చెప్పలేదు. కొత్త నౌకరి, కొత్త కుర్చీ, కాదంటే ఏమంటరో అని భయం, ఇంకో నిజం చెప్పాల్నంటే, ఇద్దరు పెద్దోళ్లు చెయ్యలేని పని నాతోని అయితదంటే నాకు గర్వం గూడ అయింది. నవ్వుకుంట చెంచా పట్టిన.

మొదలు అర చెంచా. ఎనుక చెంచా. ఎనుక, తేలుతలేదు హుజూర్, ఇంకో గుక్క చూడాలె అనుడు. ఏడాది తిరిగేవరకు సీసాలు రాని దినం నాకు పొద్దు పోకపోవు, అప్పుడు టేషన్ ఎనుక దుకాణానికి నా కాళ్లే నన్ను తీస్కపోయినయి. అక్కడి అయ్యగారు నన్ను ప్రభువు బల్లకు దూరం పెట్టిన్రు, ఆయన తప్పు లేదు. నా చెయ్యి వణుకుడు మొదలైంది. మౌల్వీసాబ్ మెచ్చిన దస్తూరి కోడి గీకినట్టయింది. బాపు కిటికీ కాడికి వచ్చుడు బంద్ చేసిండు.

నా భార్య రూతమ్మ మూడేండ్లు ఓర్చుకున్నది. నౌకరి పనే, నేనేం చెయ్యాలె అని రోజు ఒకటే జవాబు చెప్పేటోన్ని. ఒకనాడు బట్టల మూట కట్టుకోని, మిషన్ దవాఖానల చిన్నపిల్లల వార్డుకు ఆయాగ పోయింది, అక్కడనే ఆయాలుండే అర్రల ఉన్నది. పోయేటప్పుడు కొట్లాడలేదు, ఏడ్వలేదు. "నీ నోట్లకెల్లి ఆ వాసన పోయి, నీ చెయ్యి నిలిచిన్నాడు వస్తనయ్యా. గప్పటిదాంక పిలువకు" అన్నది. ఆ మాట నా గుండెల దిగవడ్డది సహోదరులారా, అయినా ఆ దినం గూడ తాగిన! సైతాను పట్టు అట్లుంటది.

క్రిస్మసు ఇంక పదిహేను దినాలున్నదనంగ ఒక చెక్కపెట్టె దిగింది. సముద్రాల అవతల ఏదో సంఘపోళ్లు మన మిషన్ దవాఖాన పిల్లల కోసం పంపిన్రు, ఇది యుద్ధం రాక ముందటి మాట. మూత తీస్తే గడ్డి, గడ్డిల మెత్త కాయితాలు, కాయితాలల్ల గుండ్రటి గాజు బుగ్గలు! ఎర్రయి, పచ్చయి, వెండి పూసినయి, నిమ్మకాయంత ఒక్కొక్కటి, పట్టుకుంటే బరువే లేదు. కింద తళుకు కాయితాలు. మేం ముగ్గురం పని మరిచి చూసుకుంట కూచున్నం.

ఇంక మొదలైంది పంచాయతి. గాజు పద్దు అన్నడు అమీన్‌సాబ్. పిల్లలకు వచ్చినయంటున్నరు, ఆటబొమ్మల పద్దు అన్నడు పంతులు. కాదు, పండుగకు వచ్చినయి గదా, ఆరాధన సామానైతే మాఫీ చెయ్యాలె, లేకుంటే మన మీద పాపం వడ్తదని మల్ల అమీన్‌సాబే అన్నడు. చివరకు నన్ను పట్టుకున్నడు. "ఇది మీ పండుగ. ఇవేందో నువ్వే చెప్పు. నీ మాట మీద రాస్త. పొద్దూకే వరకు అడిగి తెలుసుకో, అంతల పెట్టెల ఎన్నున్నయో లెక్కవెట్టు" అని నమాజుకు పోయిండు. పంతులు తిండికి పోయిండు.

నేను ఒక్కన్నే. బుగ్గను ఎత్తిన, చెయ్యి వణికింది, బల్ల అంచుకు తాకి పగిలింది. ఇంకొకటి ఎత్తిన, భయానికి ఇంకా గట్టిగ పట్టిన, వేళ్లల్లనే నుగ్గయింది. రెండు చేతులతోని ప్రయత్నం చేసిన, గుడ్డ పరిచి ప్రయత్నం చేసిన. ఏడు పగిలినయి సహోదరులారా, ఏడు! తర్వాత చేసిన పని చెప్తుంటే ఇప్పటికీ సిగ్గయితది. కలం తీసి, "ఏడు దారిలో పగిలి వచ్చినవి" అని నాకా చిట్టాల రాసిన. అమీన్‌సాబ్ వచ్చి చదివిండు, పాపం అని, నా మాట మీద దస్తఖతు పెట్టిండు.

ఆ బుగ్గలేందో అడుగుదామని దవాఖానకు పోయిన. దవాఖాన నడిపే డాక్టరు దొరసానమ్మ ఆపరేషన్ల ఉండె. వార్డుల రూతమ్మే ఎదురైంది. ఇవి ఆరాధనకా, ఆటకా, అమీన్‌సాబ్ అడుగుతున్నడు అన్న. రూతమ్మ మంచాల దిక్కు చూపించింది. విరిగిన కాళ్లకు కట్టెలు కట్టిన పిల్లలు, ఎల్లకిల పండుకోని కదలరాని పిల్లలు. "నెలల సంది గీళ్లు పైకప్పు దూలాలు చూసుకుంట పండుకున్నరు. మంచానికొకటి కడ్తమని దొరసానమ్మ మాటిచ్చింది. గీ పోరగాండ్లకు చూసెతందుకు ఒకటి కావాలె, గంతే. సరిగ్గ మంచాలన్నే పంపినమని ఉత్తరం వచ్చింది, ఒకటి గూడ ఎక్కువ లేదు" అన్నది.

ఏడు దారిల పగిలినయన్న. రూతమ్మ నా ముఖం చూడలేదు, నా చెయ్యి చూసింది. బొటనవేలుకు నెత్తురు, గోర్ల సందుల వెండి పొడి. నన్ను బల్ల మీద కూచోబెట్టి, ముల్లు తీసే చిమ్మట తెచ్చి, నా చెయ్యి తన ఒళ్లె పెట్టుకోని గాజు పెంక తీసుడు మొదలుపెట్టింది, చెయ్యి వణుకుతాంది, పెంక దొరుకుతలేదు, చివరకు చిమ్మట పక్కకు పెట్టి, నా చెయ్యిని రెండు చేతులతోని పట్టుకోని కండ్లు మూసుకున్నది. ఆ ప్రార్థన నాకు అక్షరం పొల్లుపోకుండ యాదికున్నది: "తండ్రీ, గీ చెయ్యి నువ్వు చేసినవు. గీ చేతితోనే నా మెడల పుస్తె కట్టిండు. నాతోని నిలుస్తలేదు, గీయనతోని నిలుస్తలేదు. నువ్వు పట్టుకో తండ్రీ. నువ్వు పట్టుకో."

పెండ్లయిన కాడికెల్లి ఎన్నడు ఏడ్వని మనిషిని, ఆ పిల్లలందరు చూస్తుంటే ఎక్కెక్కి ఏడ్చిన. అబద్ధం రాసిన రూతమ్మా, దారిల పగులలేదు, నేనే పగులగొట్టిన అన్న. ఆ మాట బయటికొచ్చినంక, నాలుగేండ్ల నుండి ఎదల కూచున్న బండ కదిలినట్టయింది. నౌకరి పోతే పోనీ, బాపు తీరుగ నేనూ జీతముంట అనుకోని అటునుంచి అటే నాకాకు నడిచిన. దోవ పొడుగు నేను చేసిన ప్రార్థన ఇంతే: "ప్రభువా, నోరు మూసుకోనియ్యకు, ప్రభువా, నోరు మూసుకోనియ్యకు!" మొదటినాడు మూసుకున్న నోరే నన్ను చెడగొట్టింది మరి.

అమీన్‌సాబ్ ముంగట నిలవడి అంతా చెప్పిన. వణికే చెయ్యి చాపి చూపించిన. ఆయన కోపం చేస్తడనుకున్న. "నా నోట్ల పెట్టుకోనిది నీ నోట్ల పోపిచ్చిన లూకయ్యా. అల్లా అడిగితే నేనేం జవాబు చెప్పాలె?" అన్నడు. ఆయన కండ్లల్ల నీళ్లు చూసిన సహోదరులారా! అదే దినం హుకుం రాసిండు, చీటీ లేని సీసాలకు ఇంక ముద్ర వేసి పట్నం సదర్ దఫ్తర్‌కే పంపాలె, ఈ నాకాల ఎవ్వరి నాలిక మీద పెట్టేది లేదని. "దారిలో పగిలినవి" కొట్టేసి "నాకాలో పగిలినవి" అని తానే రాసిండు. నాకు పదిహేను దినాలు రజా ఇచ్చిండు.

ఇంక ఆ బుగ్గల సంగతేందన్నడు. ఆరాధన సామాను కాదు హుజూర్, వీటికి మేం మొక్కం, ఆటబొమ్మలు గూడ కాదు, ముట్టుకుంటే పగుల్తయి, ఉత్తగ చూసేటియి అన్న. "చూసేటియి అని పద్దు లేదు గదవయ్యా" అని పంతులు తల పట్టుకున్నడు. అమీన్‌సాబ్ నవ్వి, గాజు పద్దుల వేసి సుంకం కట్టించిండు. మాఫీ చేయించే చాన్సు చేతుల పెట్టుకోని సొంత మిషన్ మీదనే పన్ను వేయించిండని అక్కడి సంఘ పెద్దలిద్దరు ఇప్పటికీ నాతోని సరిగ్గ మాట్లాడరు. మాట్లాడకుంటె మానె, ఆ దినం రెండో అబద్ధం చెప్పే ఓపిక నాల లేకుండె.

తాగుడు ఒక్క క్షణంల ఇడిసి పోయిందని కొందరు సాక్ష్యం చెప్తరు, దేవునికి స్తోత్రం. నాకట్ల కాలేదు. దవాఖాన వరండల నాకు మంచం వేసిన్రు, ఒళ్లంత చెమటలు, కక్కులు, గోడ మీద పురుగులు పారుతున్నట్టు కనవడుడు. రూతమ్మ గంజి తాపేది, కక్కేటోన్ని, మల్ల తాపేది. "ప్రభువా, ఈ గడియ దాటించు" అని అడుగుడు, ఆ గడియ దాటినంక ఇంకో గడియకు అడుగుడు, ఇంతే నా ప్రార్థన. ఎనిమిదోనాడు ఆకలైంది. జొన్నరొట్టె అడిగి తిన్న! ఆ రొట్టె రుచి ఏ సీసల చూడలేదు, సహోదరులారా, సీసల సంగతి నాకు తెలిసినంత ఇక్కడ ఎవ్వరికి తెల్వది.

ఏడు మంచాలకు బుగ్గలు లేవు. ఆ బాధ నన్ను ఇడువలేదు. దవాఖాన వంటింట్ల కోడిగుడ్లు అడిగి తెచ్చిన. రెండు దిక్కుల సూదితోని సన్నగ పొడిచి, లోపలిది గిన్నెలకు ఊది, ఉత్త పెంకు మీద పెట్టెల వచ్చిన తళుకు కాయితం అంటించుడు, చెప్పుడు అల్కగనే ఉన్నది. మొదటినాడు మూడు పగిలినయి. వంటామె నన్ను తిట్టుకుంటనే ఆ గుడ్లన్ని పిల్లలకు పొరటు చేసింది. రెండోనాడు రెండు నిలిచినయి. దినానికి కొన్ని, దినానికి కొన్ని. క్రిస్మసు ముందటి దినం పొద్దుగాల కిటికీ కాడ కూచోని ఏడోదానికి దారం ఎక్కిస్తున్న. సూది రంధ్రంల దారం ఒక్క పోటుతోని పోయింది. తలెత్తి చూస్తే రూతమ్మ తలుపుల నిలవడి ఉన్నది, ఎంతసేపటి నుండి ఉన్నదో తెల్వదు. నా చెయ్యి దిక్కే చూస్తాంది.

లోపలికి పోయి బట్టల మూట తెచ్చి నా పక్కన పెట్టింది. "పొద్దూకి ఇంటికి పోదాం. ఇల్లు ఊడిశినవా లేదా?" అన్నది. దేవునికే మహిమ! ఊడ్వలేదు సహోదరులారా, పదిహేను దినాల దుమ్ము ఉండె, ఇద్దరం కలిసి ఊడ్చినం.

ఏండ్లు గడిచినయి, చుక్క ముట్టలేదు. ఇది నా గొప్ప కాదు, నేను గట్టోన్ని కాదు, ఒక చెంచా ముంగట కాదు అనలేనోన్ని. పట్టుకున్నోడు ఆయన. ఆ కొత్త ఏడాదిల అక్కడి అయ్యగారు నన్ను మల్ల ప్రభువు బల్లకు పిలిచినప్పుడు, బాపు నా ఎనుక నిలవడి బిగ్గరగ పాట పాడిండు, సంఘమంత తిరిగి చూసింది, ఆయనకు పాట రాదు పాపం. ఇప్పుడు నేను ఇక్కడి దఫ్తర్‌ల ఉన్న, రూతమ్మ ఆ మూలకు కూచున్నది, ఇన్ని మాటలెందుకు చెప్తున్నడని సిగ్గువడుతాంది.

ఈ గుడిల గూడ ఇయ్యాల ఒకరో ఇద్దరో చేతులు కండువ కింద దాచుకోని కూచున్నరు. నేను ఎవ్వరి దిక్కు చూస్తలేను, భయపడకున్రి. నాలుగేండ్లు నేను అట్లనే దాచిన, దాస్తే తగ్గలేదు. మీ చెయ్యి మీతోని నిలువకుంటే దాన్ని ప్రభువుకు చాపున్రి, వణికేటప్పుడే చాపున్రి, నిలిచినంక చాపుదామని ఆగకున్రి. సిగ్గనిపిస్తే ఆరాధన అయినంక మా ఇంటికి రాండ్రి, గుట్ట కింద బజారు ఎనుక మూడో ఇల్లు, ఏం అడుగం, జొన్నరొట్టె వేడివేడిగ ఉంటది. గంజి తాపుడు రూతమ్మకు వస్తది, ఎన్నిమార్లు కక్కినా మల్ల తాపుతది. ఆమేన్.