బొంతలో సన్నకుట్టు మూల

మా చిన్నప్పుడు... మా ఇంట్లో చలికాలం గుడ్డల మూట విప్పడంతోనే మొదలయ్యేది. నాయనమ్మ అటక మీది మూట దింపించి వాకిట్లో గుమ్మరించేది. చినిగిన పంచెలు, వెలిసిన రవికలు, మా పాత లంగాల ముక్కలు... ఖేడ్ అంగడికి కొత్త దుప్పట్లు వచ్చినా ఆమె అటు తిరిగి చూసేది కాదు. "ఇంట్ల గిన్ని గుడ్డలుండంగ కొనుడేంది?" అనేది. జానెడు పేలిక కూడా పారెయ్యనిచ్చేది కాదు.

ఈ ఫోన్లో, మన గ్రూపులో, అందరూ నాయనమ్మల గురించి తియ్యతియ్యగా రాస్తున్నారు. రాసుకోండి, నాకేం... మా నాయనమ్మ గురించి మాత్రం నా నోటికి తీపి మాట రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు టైపు చేస్తోంది. మధ్యమధ్యలో "అట్ల అనకు అమ్మమ్మా" అంటోంది. అంటాను. ఎందుకనో మీరే వినండి.

నిజాం రోజులవి. మా చిన్నమ్మ, అంటే మా నాయన తమ్ముడి భార్య, నాగల్‌గిద్ద దిక్కు నుంచి వచ్చిన పిల్ల. బొంతను వాళ్ళ ఊరి మాటలో కౌది అనేది. సూది పట్టిందంటే చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చి చూసిపోయేవాళ్ళు. పెళ్ళయి ఎక్కువ కాలం కాలేదు... మా చిన్నాన్న జ్వరమొచ్చి పోయాడు. చిన్నమ్మకు అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా లేవు. గాజులు పగలగొట్టారు, బొట్టు చెరిపారు, తెల్లచీర కట్టబెట్టారు. పుట్టింటివాళ్ళు వచ్చి ఏడ్చి పోయారు. తీసుకుపోతామని ఒక్కరూ అనలేదు.

ఆ చలికాలం గుడ్డల మూటతో పాటు చిన్నమ్మ పెట్టె కూడా వాకిట్లోకి వచ్చింది. అందులో ఆకుపచ్చ చీర, వంకాయరంగు చీర, పెళ్ళినాటి పసుప్పచ్చ చీర... దానికి ఎర్రంచు. నాయనమ్మ ఒక్కోదానికి పంటితో గాటుపెట్టి చర్రున చించింది. ముండమోసినదాని చీర ముత్తయిదువలు కట్టకూడదట. ముక్కలు చేసి బొంతలో వేస్తే మాత్రం దోషం లేదట. అదేం లెక్కో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ ముక్కలన్నీ చిన్నమ్మ ముందర పోసి, "కుట్టు" అంది.

చూడండి ఎట్లా ఉందో... తన చీరలతో తనే బొంత కుట్టాలి. దాన్ని మేమందరం కప్పుకోవాలి. ఆమె మాత్రం రంగుగుడ్డ ఒంటిమీద వేసుకోకూడదు కాబట్టి, ఓ మూల గొంగడి కప్పుకుని పడుకోవాలి.

చిన్నమ్మ ఒక్కటే అడిగింది. పెళ్ళిచీర అంచులోంచి అరచేయంత ముక్క.

"అత్తా, గీ ఒక్కటి నాకుండనియ్యి. కట్టుకోను. పెట్టెల వెట్టుకుంట."

"మొగన్ని మింగినవ్. ఇగ రంగులెందుకే నీకు?" అంది నాయనమ్మ, తల కూడా ఎత్తకుండా. మా అమ్మ పక్కనే జొన్నలు చెరుగుతోంది. చేట ఆపలేదు.

బొంతకు కింద పాత పంచె పరుస్తారు, నడుమ పనికిరాని పేలికలు, పైన రంగుముక్కలు. చిన్నమ్మకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చే పని నాది. ఒక మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తుంటే, చిన్నమ్మ ఆ ఎర్రంచు ముక్కను మడిచి, ఒక మూలన పేలికల నడుమ పెట్టి పైనుంచి కుట్టేసింది. నా వైపు చూసి, "చెప్పకు బిడ్డా" అంది. నేను చెప్పలేదు. ఒట్టు, ఎవరికీ చెప్పలేదు.

ఆమెను పట్టించింది ఆమె చెయ్యే. బొంతకు పొడుగు పొడుగు కుట్లు వేస్తే చాలు, అందరూ అట్లాగే కుడతారు. ఆ ఒక్క మూల మాత్రం రవిక కుట్టినట్టు సన్నగా, దగ్గరదగ్గరగా కుట్టింది. ముక్క జారిపోతుందని భయమో... మరేమో. బొంత ఎండకు వేసిననాడు నాయనమ్మ దాని మీద చెయ్యి ఆడిస్తూ వచ్చి, సరిగ్గా అక్కడ ఆగింది. ఆమె కూడా బొంతలు కుట్టీ కుట్టీ ముసలిదైన మనిషే కదా.

"గీ మూలకే గింత ముద్దేంది?" అంది. అంటూనే కొడవలి మొనతో కుట్లు తెంపింది.

ఎర్రంచు బయటపడింది. పొయ్యిలో వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు... గుడ్డ వృథా చెయ్యదు కదా మా నాయనమ్మ. చిన్నమ్మ చేతిలో పెట్టి, "ఇగో, గావాలంటివి గద. ఉంచుకో. మసిగుడ్డ జేస్కో, కుండలు దించెతందుకు పనికొస్తది" అంది.

ఆ రోజు నుంచి చిన్నమ్మ కుండలు వట్టి చేతులతో దించింది. ఆ ముక్క పొయ్యి పక్కన కొయ్యకు మాసిపోకుండా వేలాడేది. ఆమె వేళ్ళు బొబ్బలెక్కేవి, పగిలేవి... మర్నాడు మళ్ళీ అవే వేళ్ళు.

"కాలుతలేదా?" అని అడిగేది నాయనమ్మ.

"లేదత్తా" అనేది చిన్నమ్మ.

చివరికి నాయనమ్మకే విసుగొచ్చింది. ఒక పొద్దున రొట్టెల పెనాన్ని తనే ఆ గుడ్డతో శుభ్రంగా తుడిచింది. మసంతా పట్టించి మళ్ళీ కొయ్యకు తగిలించింది. చిన్నమ్మ చూసింది. ఏడవలేదు. మధ్యాహ్నం దానితోనే కుండ దించింది.

అప్పటికే ఆమె వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. సూది గుచ్చుకుంటే తెలిసేది కాదు, గుడ్డ మీద నెత్తురు చూసి తెలుసుకునేది. ఆ తర్వాత మా ఇంట్లో ఎన్ని బొంతలు కుట్టిందో... దేంట్లోనూ సన్నకుట్టు లేదు.

ఇప్పుడు మా మనవరాలు కొత్తగుడ్డ కొని, దాన్ని ముక్కలు కోసి, మళ్ళీ కలిపి కుడుతోంది. అదో సరదా అట. మంచిదే, ఎవరూ చించి ముందర పొయ్యలేదు కదా... "బాగుందా అమ్మమ్మా?" అంటే బాగుందన్నాను. నా చెయ్యి మాత్రం మూలల మీదికే పోయింది.

మీ ఇళ్ళలో పాత బొంతలుంటే నాలుగు మూలలూ ఒకసారి తడిమి చూడండి. ఎక్కడైనా కుట్టు సన్నగా తగిలితే విప్పకండి... అది కుట్టిన ఆమె ఎవరో మాత్రం ఇక్కడ చెప్పండి.