దిష్టిబొమ్మలకు అన్నం పెట్టిన పిల్ల

మొన్న ఆదివారం మా అమ్మాయి ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్‌లో పని చేసుకుంటుంటే, కాఫీ ఇవ్వడానికి వెళ్లినదాన్ని తెర మీద కనబడింది చూసి అక్కడే నిలబడిపోయాను. తను బెంగళూరులో పిల్లల కథల వీడియోలకు బొమ్మలు గీసే కంపెనీలో పని చేస్తుంది; వారమంతా తెల్లారకముందే రైలెక్కి పోయే పిల్ల, ఆదివారం కూడా పని నెత్తినేసుకుని కూర్చుంటుంది. తెర మీద ఒక వరసలో చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో ఒంటిరంగు, గడి కింద ఇంగ్లీషులో దాని పేరు. మీగడ, తేనె, గోధుమ, కాఫీ, అన్నీ నోరూరించే పేర్లే. చివరి గడి దగ్గరికి వచ్చేసరికి తిండి పేర్లు అయిపోయాయేమో, ఉత్తి ‘నలుపు’ అని రాసి, పక్కన ‘దొంగలు, రాక్షసులు’ అని పెట్టారు. ఇదేమిటే అంటే, కంపెనీవాళ్లు పంపిన పట్టీ అమ్మా, నేను రాసింది కాదు అని తల తిప్పకుండానే అంది. మా పాత ఇంట్లో జరిగింది తనకు ఏమీ గుర్తు లేదు, అప్పటికి ఐదేళ్ల పిల్ల. నా ఈడువాళ్లకు చెప్పుకుంటే తప్ప ఈ భయం ఇంకెవరికీ అర్థం కాదనిపించి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కోలారు బంగారు గనులు మూతపడిన తర్వాతి రోజులు మీలో చాలామంది చూసే ఉంటారు. చాంపియన్ రీఫ్స్‌లో మాది గని పనివాళ్లకు వరసగా కట్టిన లైన్ ఇల్లు, ఒకటే గది, ముందర చిన్న సిమెంటు అరుగు. సైరన్ మోగడం మానేశాక, పొద్దు ఎప్పుడు పొడిచిందో ఎప్పుడు గుంకిందో పట్టనట్టు మగవాళ్లందరూ ఆ అరుగుల మీదే కూర్చునేవారు. మా ఆయనది గనిలోకి దిగే పని కాదు, పైన పెయింటు షెడ్డులో ఉండేవాడు; జాగ్రత్త బోర్డులు రాయడం, ఖనిజం మోసే బండ్లకు నంబర్లు వేయడం ఆయన పని. తోటివాళ్లు మాలూరు ఇటుక బట్టీలకూ ఫ్యాక్టరీలకూ దారి పట్టినప్పుడు, చేతిలో కుంచె ఉంది కదా అని ఆయన రెండు రకాల పనులు పట్టుకున్నాడు. ఒకటి, ఊరూరా కొత్తగా లేస్తున్న నర్సరీ బడుల గోడల మీద ఆడుకునే పిల్లల బొమ్మలు వేయడం. రెండోది దిష్టిబొమ్మలు. బెంగళూరు వైపు ఎటు చూసినా ఇళ్లు లేస్తున్న కాలం, ఇటు టమాటా తోటలవాళ్లకూ కావాలి, ఎన్ని చేసినా తీసుకుంటానని కోలారులో ఒక అంగడాయన మాటిచ్చాడు. ప్లైవుడ్ ముక్కలు గుండ్రంగా కోసి, నల్లటి మొహం, ఉరిమే కళ్లు, బుర్రమీసం, వేలాడే ఎర్ర నాలుక వేసి, ఎండేదాకా మా గది గోడలకే మేకులు కొట్టి తగిలించేవాడు.

ఆ మొహాల మధ్య నేను నిండు చూలాలిని. మా అత్తకు ఆదివారం చర్చి ఎంతో దిష్టీ అంతే. ఈ రెండింటికీ పొసగదని పాస్టరుగారు ఎంత మొత్తుకున్నా ఆమె చెవికెక్కలేదు. కడుపుతో ఉన్న మనిషి ఏ మొహం చూస్తూ నిద్ర లేస్తే బిడ్డకు ఆ పోలికే వస్తుందని ఆమె నమ్మకం. ఆమెదేమిటి, ఆ రోజుల్లో మనందరి నమ్మకమూ అదే కదా. రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టుకు పోయి, ఎర్రటి బుగ్గలతో, నీలికళ్లతో గులాబీరంగులో మెరిసిపోయే పసిబిడ్డ పటం కొనుక్కొచ్చి నా మంచానికి ఎదురుగా అతికించింది. మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది, ఆ పటం లేని ఇల్లు చూడలేదు నేను. కొడుకు బొమ్మలు తగిలించుకుంటూ పోతుంటే వెనకాలే ఆమె వాటి మీద పాత చీరలు కప్పుకుంటూ పోయేది.

“ఏమప్పా, కడుపుతో ఉండేదాని ముందర ఈ మొగాలు తెచ్చి పెట్టినావే, రేపు బిడ్డ ఇట్లే పుడితే యాడికి పోయి చెప్పుకునేది?” అని ఒకరోజు కొడుకు మీద విరుచుకుపడింది.

“నా బిడ్డ నా మాదిరే ఉంటాది, ఇంగెవరి మాదిరి ఉండల్ల?” అన్నాడాయన నవ్వుతూ.

ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. అత్తకంటే నాకే ఎక్కువ భయం. చామనఛాయ పిల్లనని పుట్టింట్లో నన్ను కాస్త గొప్పగా చూసేవాళ్లు. ఇంత నల్లటి మనిషికి ఇచ్చారేమిటని పెళ్లిపందిట్లోనే గుసగుసలు విన్నాను. గాలికి చీర తొలగి ఒక నాలుక బయటపడితే చాలు, కడుపు పట్టుకుని పటం వైపు తిరిగి కూర్చునేదాన్ని. మా ఆయనకు ఒక అలవాటు ఉండేది, రంగు కలిపాక ముంజేతి మీద ఒక చుక్క వేసుకుని, ఆరితే ఎట్లా కనబడుతుందో చూసుకుని, కిరసనాయిలు గుడ్డతో తుడిచేసేవాడు. ఒక మధ్యాహ్నం దిష్టిబొమ్మల రంగు కలిపి, చేయి నా ముందుకు చాపి, సరిపోయిందా చూడు అన్నాడు. చుక్క ఎక్కడ పడిందో నాకు కనబడలేదు. జనాన్ని జడిపించడానికి గోడకు వేలాడదీసే రంగూ, నా పక్కన కూర్చుని అన్నం తినే మనిషి రంగూ ఒకటేనని అప్పటివరకు నాకు తట్టనేలేదు. బిడ్డ నల్లగా పుడుతుందేమోనని అన్నాళ్లూ భయపడినదాన్ని, ఆ రోజు నుంచి, నల్లగా పుట్టిన బిడ్డ ఈ గోడను చూసి తన గురించి ఏమనుకుంటుందోనని భయపడడం మొదలుపెట్టాను. మొదటి భయం పురుడుతో తీరిపోయేది, ఈ రెండోది అట్లా తీరేది కాదు.

అమ్మాయి అచ్చం వాళ్ల నాన్న రంగుతోనే పుట్టింది. మా అత్త చూసీ చూడగానే గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది, పురిటి స్నానం కాగానే మీగడా శనగపిండీ కలిపి నలుగు పెట్టడం మొదలుపెట్టింది, కొన్నాళ్లు పోయేసరికి “నా కొడుకు మొగమే, దించినట్లుండాది” అంటూ లైనంతా ఎత్తుకుని తిప్పింది. వింత ఏమిటంటే, పాకే వయసు వచ్చాక ఆ పిల్ల పటంలోని గులాబీ బిడ్డను చూసి జడుసుకునేది. ఇంట్లో ఎవరిలాగానూ లేని ఆ పెద్ద మొహం కంటబడితే గుక్కపట్టి ఏడ్చేది. చూసి చూసి మా అత్త, ఈ దొరల బిడ్డే మన బిడ్డకు దిష్టి కొడతా ఉండాదని తేల్చి, అంత మోజుపడి తెచ్చిన పటాన్ని తనే ఊడబీకి పక్కింటి చూలాలికి ఇచ్చేసింది.

దిష్టిబొమ్మలంటే మాత్రం పిల్లకు ప్రాణం. పొత్తిళ్లలో ఉన్నప్పటి నుంచి చూస్తున్న మొహాలు, దానికి అవి సొంతవాళ్లు. పైవరసలో ఉన్నవాటిని తాతా అనీ, మీసం ఎక్కువ ఉన్నవాటిని మామా అనీ పిలిచేది. తన గిన్నెలోని సంగటీ పప్పన్నమూ చిన్న చిన్న ముద్దలు చేసి, చేయి అందినంతవరకు వాటి నాలుకల మీద అతికించేది. సాయంత్రానికి ఆ నాలుకల మీదికి చీమల బారు. కోలారుకు తీసుకుపోయే ముందు మా ఆయన తడిగుడ్డతో ఒక్కో నాలుకా తుడుస్తూ తనలో తను నవ్వుకునేవాడు. ఒకసారి తుడవడం మరిచిపోతే, మీ దిష్టిబొమ్మలు భోంచేసి మరీ వస్తున్నాయే అని అంగడాయన ఎగతాళి చేశాడట. సరుకు పోయిన రోజు పిల్ల గోడలన్నీ వెతుక్కుని మామ యాడికి పోయినాడు అని అడిగేది. కొత్త ఇంటికి కాపలాకు పోయినాడని వాళ్ల నాన్న చెబితే, ఆయప్పకు చలేస్తాది కదా అని దిగులుపడేది. ఇంట్లో అందరూ విరగబడి నవ్వుతుంటే నాకు మాత్రం ఒకటే బెంగ. ఇవి జడుసుకోవాల్సిన మొహాలని, వీటి రంగే నీ రంగని ఎవరో ఒకరు దానికి చెప్పేస్తారు కదా, ఆ తర్వాత ఇది ఏమైపోతుంది అని.

కళ్లలో వత్తులేసుకుని కాపలా కాశాను. దిష్టిబొమ్మలోళ్ల ఇంట్లో దిష్టిబొమ్మే పుట్టిందని కుళాయి దగ్గర ఒకావిడ నవ్వులాటకు అంటే, బిందె అక్కడే వదిలేసి ఆమెను దులిపి పారేశాను. మళ్లీ ఆ కుళాయి మొహం చూడలేదు. బంధువుల పెళ్లిళ్లకు దాన్ని వెంటబెట్టుకుపోవడం మానేశాను. క్రిస్మస్ నాటకంలో సైతాను వేషం ఎవరికి ఇస్తారో తెలుసు గనుక సండే స్కూలుకు పంపాలన్నా భయమే. ఇంగెన్ని రోజులు కొంగులో దాస్తావని మా ఆయన విసుక్కునేవాడు. వచ్చేదేదో బయటి నుంచే వస్తుందని నేను వాకిట్లో కూర్చున్నాను. అది మా మంచం కిందే ఉందని నాకు తట్టలేదు.

మంచం కింద ఆయన రంగు డబ్బాలు ఉండేవి. మూత పెడితే ఏది ఏదో తెలియదు కాబట్టి, ఆ రంగు దేనికి వాడతాడో అది మూత మీద రాసుకోవడం షెడ్డు నాటి అలవాటు. ఆకాశం, చెట్లు, నాలుక, ఇట్లా. బడి గోడల మీది బొమ్మలకు వేసే గులాబీరంగు డబ్బా మీద ‘పిల్లలు’ అని ఉండేది. ఆ బడులవాళ్లు ఇంకే రంగు వేసినా ఒప్పుకునేవారు కాదు. ఆయన ముంజేతిలో కలిసిపోయిన రంగు డబ్బా మీద ‘దిష్టి’ అని ఉండేది. పని కోసం పెట్టుకున్న గుర్తులు, అంతే. ఊడ్చేటప్పుడు రోజూ ఆ డబ్బాలను జరుపుతున్నా నాకు ఏనాడూ ఏమీ అనిపించలేదు.

బడిలో కన్నడం, వీధిలో అరవం మాట్లాడే ఊరు కాబట్టి, బైబిలు చదువుకోవడానికైనా పనికొస్తుందని అమ్మాయికి తెలుగు అక్షరాలు ఇంట్లో నేనే నేర్పాను. గుణింతాలు దాటి ఒత్తులు కూడబలుక్కునే రోజుల్లో దానికి చదవడమే ఆట. పొట్లం కట్టిన కాగితం దొరికినా వదిలేది కాదు. ఒక సాయంత్రం మంచం కింద దూరి, డబ్బాలు ఒక్కొక్కటే బయటికి లాగి, మూతల మీద వేలు పెట్టి పైకి చదవసాగింది. ఆకాశం అంది, చెట్లు అంది, మేమిద్దరం మురిసిపోతూ వింటున్నాం. పిల్లలు అని చదివి, మూత అంచున ఎండిపోయిన గులాబీరంగు పక్కన తన చేయి ఆనించి చూసుకుంది. తర్వాత దిష్టి అని కూడబలుక్కుని, ఆ మూత పక్కనా చేయి పెట్టింది. మళ్లీ మొదటి డబ్బా దగ్గరికి వచ్చింది. లేచి ఆ డబ్బాలు లాక్కోవాలని ఉంది, లేవలేకపోయాను.

“నేను ఏ డబ్బా అప్పా?” అని అడిగింది.

మా ఆయన చేతిలోని కుంచె కింద పెట్టాడు. “నువ్వు నా తల్లివి, నీకు డబ్బా యాడిదమ్మా” అని చేతులు చాపాడు. ఆ చేతులు చాపితే చాలు మీదికి దూకే పిల్ల, చేతులను చూసి, గోడ మీది మొహాలను చూసి, వెనక్కి వెనక్కి నడిచి నా కొంగులో దూరింది. అది వణుకుతోంది. ఆయన మొహం వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు ఆయన కిరసనాయిలుతో మూతల మీది పేర్లన్నీ తుడిచేశాడు, గోడలన్నీ ఖాళీ చేసి, ఇంటి వెనక రేకులు కప్పుకుని పని అక్కడికి మార్చుకున్నాడు. కానీ పిల్ల చదివేసింది కదా. మళ్లీ ఎప్పుడూ ముద్దలు చేయలేదు, మామ యాడికి పోయినాడని అడగలేదు. ఆ రేకుల వైపు పోవాల్సి వస్తే కళ్లు గట్టిగా మూసుకుని నా వెంట నడిచేది. నాన్న దగ్గరికి కొన్నాళ్లకు తనంతట తనే పోయింది, ఇప్పటికీ వాళ్లిద్దరూ ఒకరికొకరు ప్రాణమే, ఆ ఒక్కటీ దేవుడు చల్లగా చూశాడు. స్నానానికి కూర్చోబెడితే మాత్రం, అదివరకు నలుగు అంటేనే పారిపోయే పిల్ల, “ఇంగా రుద్దు జేజీ, ఇంగా రుద్దు” అనడం మొదలుపెట్టింది. మా అత్త రుద్దుతూ ఏడ్చేది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. లైన్ ఇళ్లు సగం కూలిపోయాయి, దిష్టిబొమ్మలు అచ్చుపోసిన ప్లాస్టిక్‌వి వస్తున్నాయి, మా ఆయన కుంచెలు ఎండి ఏ మూలనో పడి ఉన్నాయి. ఈ మధ్య బడుల గోడల మీద అక్కడక్కడా నల్లటి పిల్లలు కూడా ఆడుకుంటూ కనబడుతున్నారు, చూస్తే నాకు నిజంగా సంతోషంగానే ఉంటుంది. కాలం మారింది అని అందరూ అంటారు, నేనూ అంటాను. అయినా మనసు ఆ ఒంటి గది దగ్గరికే పోతుంది. నలుపును చూసి జడుసుకోవడం తెలియని మనిషి ఒకరు, అక్షరాలు రాకముందు, కొన్నేళ్లు అక్కడ మాతో కలిసి బతికారు. అట్లాంటి మనిషి ఆ తర్వాత నాకు ఎక్కడా కనబడలేదు, అద్దంలో కూడా.