ఇమాంసాబ్ దొంగిలించని ఇంజను

నాకు కోపమెక్కువని ప్రొద్దుటూరులో మా వీధి వీధంతా అంటుంది. అననీ. రవాణా ఆఫీసు ఎదుట జిరాక్సు షాపు పెట్టుకుని పద్నాలుగేళ్ళుగా ఆ గేటు ముందు జరిగేవన్నీ చూసినదానికి కోపం రాకపోతేనే ఆశ్చర్యం. కానీ ఇప్పుడు చెప్పబోయే కోపం నాది కాదు, ఖమర్‌బీది. ఆమె ముప్ఫై ఏళ్ళు కడుపులో పెట్టుకుంది. నాకు పెట్టుకోవడం చేతకాదు కాబట్టి చెబుతున్నాను.

ఖమర్‌బీ మా షాపు రేకుల కింద ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంటుంది. అరవై మూడేళ్ళ మనిషి. మెత్తటి పెన్సిల్, పల్చటి కాగితాలు, థిన్నరు సీసా, గుడ్డపీలిక, ఇవే ఆమె సామాను. బండి చేతులు మారితే దాని ఛాసిస్ నంబరూ ఇంజను నంబరూ ప్రింటు తీసి కాగితాలకు అతికించాలి. ఆ ప్రింటు తీయడం ఆమె పని. నంబరున్న చోట మడ్డి తుడిచి, కాగితం ఆనించి, పెన్సిల్ ఏటవాలుగా పట్టి రుద్దుతుంది. ఇనుములో ఉన్న నంబరు కాగితం మీదికి వచ్చేస్తుంది.

ఆమె బడి మొహం చూడలేదు. అక్షరాలు రావు, అంకెలు మాత్రం వచ్చు. అంకెల్లో ఆమెను మోసం చేయడం ఎవరి తరమూ కాలేదు. ఫ్యాక్టరీలో గుద్దిన అంకెలు ఒకే వరుసలో, ఒకే లోతులో ఉంటాయట. దొంగబండికి షెడ్డులో సుత్తితో గుద్దినవి ఒకటి పైకీ ఒకటి కిందికీ పోతాయట. ప్రింటు తీసి నా మొహం ముందు పెట్టి, "మే లతా, ఈ మూడు జూడు, కుంటుతాంది. ఈ బండి యాడిదో ఏమో, నాకొద్దు తల్లీ" అని కాగితం చించి పారేస్తుంది. బ్రేకు ఇన్‌స్పెక్టరు కూడా అనుమానం వస్తే ఆమెనే పిలుస్తాడు.

ఈ విద్య నేర్పింది ఆమె మొగుడు ఇమాంసాబ్. జమ్మలమడుగులో నాపరాళ్ళ లారీలు నిలిచే రోడ్డులో ఆయనకు మెకానిక్ షెడ్డు ఉండేది. పాత కారు కనబడితే ముందు బానెట్టు ఎత్తి నంబరు చూసేవాడట. ఆర్.సి. బుక్కులో ఉండేది కారును రాయించుకున్న తేదీ, కారు ఎప్పుడు పుట్టిందో ఛాసిస్ మీది నంబరే చెబుతుంది అనేవాడట. ఇంజను మీద రెండు రకాల నంబర్లుంటాయని కూడా ఆమెకు ఆయనే చూపించాడు. ఒకటి పోత నంబరు. ఇంజను పోత పోసేటప్పుడే అచ్చులో ఉబ్బెత్తుగా వస్తుంది, ఆ రకం ఇంజన్లన్నిటికీ అదే ఉంటుంది. రెండోది లోపలికి గుద్దిన నంబరు. అది ఒక్క ఇంజనుకే సొంతం, బుక్కులో ఎక్కేది అదే. పెన్సిల్ రుద్దితే పోత నంబరు నల్లగా వస్తుంది, గుద్దినది తెల్లగా మిగులుతుంది.

ఆ తేడా తెలియని మనిషి చేతిలో పడి ఇమాంసాబ్ బతుకు మట్టిగొట్టుకుపోయింది.

తొంభై రెండులో పులివెందుల పక్కన చీనీ తోటల ఆసామి రఘునాథ్ తన పాత అంబాసిడర్‌ను, అరిగిన సిలిండర్లకు బోరు చేయించడానికి తెచ్చి ఆ షెడ్డులో వదిలాడు. పదిరోజులకు కారు తీసుకోవడానికి నలుగురు మనుషులతో వచ్చాడు. చేతిలో ఆర్.సి. బుక్కు. బానెట్టు ఎత్తి, కంటికి పెద్దగా కనబడిన నంబరు చదివాడు. బుక్కులో నంబరుతో కలవలేదు. అంతే, నా ఇంజను అమ్ముకుని పనికిమాలింది బిగించాడని గొంతు చించుకున్నాడు. "అయ్యా, అది పోత నంబరు, అసలుది ఈ పక్క ఉండాది సూడండి" అని ఇమాంసాబ్ మడ్డి తుడిచి చూపించాడు. అది బుక్కుతో కలిసింది. కలిస్తే ఏమైంది? "దొంగ నా కొడకా, ఈ నంబరు నువ్వే గుద్దినావు" అన్నాడు. షెడ్డులోని నల్లటి పాత ఇంజనాయిలు ఆ మనిషి నెత్తిన పోయించాడు. అలాగే బస్టాండు దాకా నడిపించాడు. జమ్మలమడుగు జమ్మలమడుగంతా నిలబడి చూసింది. ఒక్కడూ అడ్డుపడలేదు.

షెడ్డు మూతపడింది. మొగుడూ పెళ్ళాలు ప్రొద్దుటూరు వచ్చారు. ఇమాంసాబ్ ఇంకెవరి షెడ్డులోనో పంచర్లు వేస్తూ పదకొండేళ్ళు బతికి పోయాడు. ఆయన పోయాక ఖమర్‌బీ పెన్సిల్ పట్టుకుంది. "ఆ బండి ఒక్కసారి నా చేతికి రావాల, లతా. ఆ నంబరు నేను రుద్ది సూసుకోవాల. అప్పుడు గానీ నాకు నిద్ర పట్టదు" అని నాతో ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. మొగుడి పేరు మీది మచ్చ పోవాలని ఆమె తపన అనుకునేదాన్ని.

పోయిన ఫిబ్రవరిలో ఒక సోమవారం ఆ బండి వచ్చింది.

మీగడ రంగు అంబాసిడర్, అద్దంలా తుడిచి ఉంది. పాతికేళ్ళ కుర్రాడు యశ్వంత్ దిగి, యాభై ఏళ్ళు దాటిన కార్లకు ఇచ్చే ప్రత్యేకమైన నంబరు కావాలన్నాడు. కారు అసలు రూపంలోనే ఉండాలట, ఇంజను కూడా మొదటిదే అయ్యుండాలట. "మాది యాభై ఏడు మోడలు అక్కా. ఇంజను గూడా కంపెనీదే. కొన్నప్పట్నించి మార్చలే. ఆ మాట మా తాత అఫిడవిట్ ఇస్తాడు" అన్నాడు. జిరాక్సుకని నా చేతికిచ్చిన బుక్కులో ఓనరు పేరు చూశాను. రఘునాథ్, పులివెందుల. వెనక సీట్లో తెల్లచొక్కా ముసలాయన దర్జాగా కూర్చుని ఉన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంజను దొంగిలించాడని ఒక మనిషిని ఊరేగించిన వాళ్ళు, ఇప్పుడు అదే ఇంజను ఎన్నడూ కదల్లేదని ప్రమాణం చేస్తారట! సిగ్గుండాలి కదా? ఖమర్‌బీకి వినబడేలా పేరు గట్టిగా చదివాను. ఆమె గుడ్డపీలిక తీసుకుని లేచింది.

ముందు ఛాసిస్ నంబరు రుద్దింది. కాగితం వెలుతురుకు పట్టి, "యాభై ఏడు కాదప్పా. యాభై తొమ్మిది. ఈ వరస నంబర్లు అప్పుడొచ్చినాయి" అంది. యశ్వంత్ మొహం చిన్నబోయింది. తర్వాత ఇంజను మీదికి వంగింది. థిన్నరుతో తుడిచి, రెండు కాగితాల మీద రెండు నంబర్లు తీసింది. ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా. తెల్లదాన్ని చాలాసేపు చూసింది. ఒక్కో అంకె మీద వేలు పెట్టి జరిపింది. నేనూ తొంగి చూశాను. గీత గీసినట్టు ఒకే వరుస, ఒకే లోతు. ఒక్క అంకె కుంటలేదు.

ఆ రెండు కాగితాలూ పట్టుకుని కారు వెనక కిటికీ దగ్గరికి పోయింది. "ఇంజను నంబరు ఏదో జెప్పు సామీ" అంది.

రఘునాథ్ ఆమెను గుర్తుపట్టలేదు. కళ్ళజోడు సవరించుకుని తెల్లదాని మీద వేలు పెట్టాడు. "ఇదీ. ఆ నల్లది పోత నంబరమ్మా, అన్ని బండ్లకీ అదే ఉంటాది. ఇంతకాలం పని జేస్తాండావు, ఇది తెలీదా?" అని నవ్వాడు.

"నీకెప్పుడు తెలిసింది సామీ?"

"శానా ఏండ్లాయ. తొంభై రెండులో అనంతపురం మెకానిక్కు ఒకడు జెప్పినాడు. జమ్మలమడుగులో ఒక సాయిబు దగ్గర బోరు చేయించింటి, ఆ నెలలోనే."

ఆ నెలలోనే! నూనె పోయించిన నెలలోనే! నా చేతిలో ఉన్న కాగితాలు విసిరికొట్టాను. "సచ్చిపోయిన ఆ సాయిబు పెండ్లామే ఈమె! తెలిసినోడివి తప్పయిందని ఎందుకు జెప్పలేదయ్యా? నోరు పడిపోయిందా?" అని రోడ్డంతా వినబడేలా అరిచాను. టీ తాగేవాళ్ళు గ్లాసులతో లేచి వచ్చారు.

రఘునాథ్ ఖమర్‌బీ మొహంలోకి చూశాడు. నవ్వు పోయింది. "పాతకాలం మాట. ఊరంతా సూసినాక మళ్ళా పోయి నాదే తప్పంటే మా ఇంటి మాటకి ఇలవ ఏముంటాది? నువ్వే జెప్పమ్మా" అని ఆమెనే అడిగాడు.

"చెప్పు తాతా, తప్పయిందని చెప్పు" అన్నాడు యశ్వంత్.

"సచ్చినోనికి ఇప్పుడు చెప్పి ఏం లాభంరా? డ్రైవింగ్ సీట్లో కూసో" అన్నాడు ముసలాయన. నావైపు తిరిగి, అఫిడవిట్ తొందరగా టైపు చేయమన్నాడు. నేను చేయనన్నాను. నా షాపులో ఆ అబద్ధపు మర్యాదలు దొరకవు, ఇంకో షాపు చూసుకోమన్నాను. చూసుకున్నారు కూడా. ఇంకెవరి దగ్గరో ప్రింటు తీయించి, వారంలో పని కానిచ్చుకున్నారు. ఎక్కడికక్కడ అమరిపోతాయి వాళ్ళకు.

ఆ రోజు మా షాపు ముందు నుంచి కారు కదలబోతుంటే ఖమర్‌బీ కిటికీ పట్టుకుంది. అరుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆమె మెల్లగానే మాట్లాడింది.

"ఊరికి జెప్పకపోతివి, పోనీ. నాకు జెప్పింటే సాలు గదప్పా. ఒక మనిషితో కబురంపింటే సాలు. నీ మాట నేను గూడా నమ్మితి. నా మొగుడే గుద్దింటాడు అనుకుంటి. పదకొండేండ్లు అన్నం పెట్టినప్పుడల్లా అడిగినా, ఇంజను ఎవురికి అమ్మినావు, నాకన్నా నిజం జెప్పు అని. పానం పోయే దినం గూడా అడిగినా. ఆయప్ప గోడపక్కకి తిరిగి పండుకున్న్యాడు."

రఘునాథ్ అద్దం పైకి ఎక్కించుకున్నాడు.