ఉచ్చెంగమ్మకు దొరికిన తమ్ముడు

కురుగోడులో మా ఎదురింటి ఉచ్చెంగమ్మకు ఏదైనా అంటగట్టాలంటే పెద్ద తెలివి అక్కర్లేదు. గుమ్మం ముందు నిలబడి "అక్కా" అంటే చాలు, కరిగిపోతుంది. అలా పిలిచినవాడల్లా ఆమె ఇంట్లో ఏదో ఒకటి వదిలిపెట్టి వెళ్ళాడు. మోకాళ్ళ నొప్పులు లాగేసే అయస్కాంతం కడియం, గ్యాస్ ఆదా చేసే ఇనుప చక్రం, ఒకసారి తిరిగి మళ్ళీ తిరగని మిక్సీ. అటక నిండా తమ్ముళ్ళే! వాళ్ళలో ఒక్కడైనా మళ్ళీ ముఖం చూపించిన పాపాన పోలేదు.

తోడబుట్టినవాళ్ళు లేని మనిషి. వాళ్ళ నాన్న గాళెప్ప పోయేముందు కాలువ చివర ఉన్న రెండెకరాల మిరపచేను ఆమె పేరున రాశాడు. ఏటా నాగుల పంచమికి ఈ వీధి ఆడవాళ్ళను అన్నదమ్ములు వచ్చి పుట్టిళ్ళకు తీసుకుపోతుంటే, ఈమె అరుగు మీద కూర్చుని "నా పుట్టిల్లు యాడికి పోతాది? చేన్లోనే ఉండాది" అనేది. ఆ మాట అని లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి వచ్చేది కాదు.

ఇలాంటి మెతక మనుషులను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేనలా కాదు. నాతో బేరం పెట్టుకుంటే కూరగాయలవాడు దండం పెట్టి పోవలసిందే. పైగా సిరుగుప్ప దగ్గర ఆంధ్ర రైతుల క్యాంపులో నాకు ఇద్దరన్నయ్యలు, ఏటా పిలిచి చీర పెడతారు. దారినపోయేవాడి నోట అక్కా అనిపించుకోవలసిన ఖర్మ నాకేం పట్టింది?

కిందటేడు ఎండాకాలంలో దుర్గేశ్ దిగాడు. బళ్ళారి మనిషి, సోలార్ కంపెనీకి భూములు లీజుకు కుదిర్చే పని. చుట్టూ చేలు ఈ వీధివాళ్ళవి, నడిమధ్యలో ఉచ్చెంగమ్మ రెండెకరాలు అడ్డం. వచ్చిన రోజు భూమి ఊసే ఎత్తలేదు. మజ్జిగ అడిగి తాగి, "అక్కా, అచ్చం మాయమ్మ చేతి మజ్జిగే" అని కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళమ్మ బళ్ళారిలో నిక్షేపంగా ఉందని తర్వాత తెలిసింది. మళ్ళీ వచ్చినప్పుడు మామిడిపళ్ళ బుట్ట. ఆ తర్వాత, "వీధంతా ఒప్పుకునిండాది, నువ్వొక్కదానివే మిగిలినావక్కా" అని ఆమెతో, "ఉచ్చెంగక్క ఒప్పుకుండాది, మీదే ఆలస్యం" అని వీధితో. రెండూ ఈ చెవులతోనే విన్నాను.

ఉచ్చెంగమ్మ మాత్రం "ఆషాఢం పోనీ అప్పా, చూద్దాం" అంటూ నాన్చుతోంది. అప్పుడు తీశాడు అసలు అస్త్రం. పెళ్ళాం సుమను వెంటబెట్టుకొచ్చి ఉచ్చెంగమ్మకు ఒడి నింపించాడు. బియ్యం, ఎండుకొబ్బరి, రవికె గుడ్డ, పసుపు కుంకుమ. పుట్టింటివాళ్ళు తమ ఆడబిడ్డకు చేసే మర్యాద అది. "ఈ పొద్దు నుంచి నా ఇల్లే నీ పుట్టిల్లక్కా" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"వాడు వేసింది గాలమే తల్లీ!" అని మొత్తుకున్నాను.

"నువ్వు ఊరుకో ఉషమ్మా. ఒడి నింపినోడు మోసం చేస్తాడా?"

హవ్వ! ఇక ఆ రెండెకరాలకు నీళ్ళొదులుకోవడమే అనుకున్నాను.

పంచమి వచ్చింది. ఉచ్చెంగమ్మ కొత్త చీర కట్టుకుని, బ్యాగు సర్దుకుని, తీసుకుపోవడానికి తమ్ముడొస్తాడని అరుగు మీద కూర్చుంది. ఎవరూ రాలేదు. ఓదార్చడానికి నేను మాటలు కూడా వెతికి పెట్టుకున్నాను. ఆమె లేచి బ్యాగు తీసుకుని బళ్ళారి బస్సెక్కింది.

వారం తిరక్కముందే దుర్గేశ్ నాకు ఫోన్ చేశాడు. "మేడమ్, మీకు పుణ్యముంటాది, వచ్చి అక్కను పిలుచుకోని పోండి."

వెళ్ళి చూద్దును కదా, నడింట్లో ఉయ్యాల! పంచమికి ఆడబిడ్డ ఉయ్యాల ఊగాలి కాబట్టి వాడిచేతే కట్టించిందట. అందులో ఊగుతూ, నువ్వుల ఉండల్లో బెల్లం చాలలేదంటోంది. నీ చొక్కాలు నువ్వే ఉతుక్కోమని దుర్గేశ్‌కు చెబుతోంది. "వదిన చెప్పింది గదా, ఉతుక్కో" అంటూ సుమ మహా సంబరంగా తిరుగుతోంది. ఆ ఇంట్లో వాడిని అదిలించే మనిషి ఇన్నాళ్ళకు దొరికింది మరి.

నన్ను చూడగానే దుర్గేశ్‌కు ధైర్యం వచ్చినట్టుంది. కాగితాలు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. "ఆషాఢం అయిపాయె గదక్కా. ఒక్క సంతకం."

ఉచ్చెంగమ్మ ఉయ్యాల ఆపింది. ముఖం పాలిపోయింది. ఆ క్షణంలో నాకు నిజంగా జాలేసింది.

"ఇదేందప్పా? పుట్టింటోళ్ళు ఆడబిడ్డకు పెడతారు. పెట్టకపోతే పోనీ, మా నాయన ఇచ్చింది అడుగుతారా? అడిగితే నువ్వు తమ్ముడివి కాదు. తమ్ముడివి కాకపోతే నీకెందుకు నేను సంతకం పెట్టేది?"

దుర్గేశ్ ఇరుక్కుపోయాడు. తమ్ముణ్ణంటే అడగకూడదు, కాదంటే ఒప్పించే మార్గం లేదు. సుమ ఆ కాగితాలు తీసి పక్కన పెట్టి, ఎవరూ చెప్పకుండానే వదినకు మళ్ళీ ఒడి నింపింది.

తిరుగు బస్సులో నాకు నవ్వు ఆగలేదు. "నువ్వు వాణ్ణి నిజంగానే నమ్మావా, లేక నాటకమాడావా?"

"నమ్మినా. అందుకే పోయినా. తమ్ముడవునో కాదో వాళ్ళింట్లో ఉంటే కదా తెలిసేది. అరుగు మీద కూర్చోని ఏడిస్తే తెలుస్తాదా?" కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది. "నువ్వేమి నవ్వుతావులే ఉషమ్మా. మీ నాయన పోయినాక మీ అన్నలు చీరె పెట్టి ఆస్తి కాగితం ముందర పెట్టిరంటివే. చదివితివా?"

నవ్వు ఆగిపోయింది. చదవలేదు. మా పెద్దన్నయ్య పెన్ను మూత తీసి మరీ చేతికిచ్చాడు. "నా చెల్లెలు నా మాట కాదంటుందా?" అన్నాడు. నేను కాదనలేదు.